మాంగ్ సాంతో ఎక్కడా ఆగకుండా వెళ్లిన రోజు

మా గువాగువాలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఊరంతటికీ మాంగ్ సాంతో, అంటే సాంతో గారు. నాకు మాత్రం సాంతోగాడు. పెళ్లీ పెటాకులూ లేవు. యంత్రాలతోనే మాట్లాడతాడు. "ఏరా, మొండికేశావా?" అని తిడుతూ స్క్రూలు విప్పుతాడు. ఎవరింట్లో శవం దగ్గర జాగారం జరిగినా ముందుంటాడు. తిరిగొచ్చేటప్పుడు నా గంజి కొట్టు దగ్గర ఆగి తీరతాడు. చావింటి నుంచి నేరుగా వెళ్తే పోయినవాళ్లు వెంట వస్తారని మా భయం. దారిలో ఎక్కడో ఒకచోట ఆగి వాళ్లని ఏమార్చాలి.

ఊళ్లో ఎవరు పోయినా ప్రార్థన పాడే రుఫీనా ముసలమ్మ ఆ వారం తానే పోయింది. తన చావుకి ఇంకెవరూ పాడకూడదని, బతికుండగానే పాడి సీడీలోకి ఎక్కించి పెట్టుకుంది. అంత పంతం మనిషి. తెల్లారితే ఖననం. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరేమో, పాటల ప్రోగ్రామ్ తెరవగానే అసలు సీడీ డ్రైవే లేదంటోంది.

కూతురు లుజ్విమిందా ఏడుపు చూడలేక, జాగారానికొచ్చిన సాంతో ఆ కంప్యూటర్ డబ్బాని చంకనెత్తుకుని, నా ముందు నుంచే తన షాపుకి పరుగెత్తాడు.

"ఒరేయ్, ఆగి గుక్కెడు గంజి తాగిపోరా!"

"టైం లేదక్కా!"

ఒళ్లు మండింది, భయమూ వేసింది. గంజి గిన్నె పట్టుకుని వెనకే వెళ్లాను.

"కొత్త హార్డ్ డిస్క్ పెట్టినప్పుడు సీడీ డ్రైవ్‌ని గుర్తుపట్టే అక్షరం మారిపోయిందక్కా. ఈ వెర్రిబాగుల ప్రోగ్రామ్ ఇంకా పాత అక్షరం దగ్గరే వెతుకుతోంది. ఇల్లు మారినవాళ్లని పాత గుమ్మంలో నిలబడి పిలిచినట్టు" అంటూ సాంతో అక్షరం సరిచేశాడు. డ్రైవ్ పేరు తెర మీదికొచ్చింది. వెంటనే పాట మొదలైంది.

రుఫీనా గొంతే. ఒక చరణం పాడి, జనం తిరిగి పాడే బదులు కోసం ఆగింది. అలవాటు కొద్దీ ఇద్దరం బదులు పాడాం. ఆమె మళ్లీ అందుకుంది.

"మాంగ్ సాంతో, కంగార్లో ఇది మర్చిపోయారు." గుమ్మంలో లుజ్విమిందా. చేతిలో సీడీ.

సాంతో ట్రే తెరిచాడు. ఖాళీ. పాట ఆగలేదు. నా చేతిలో గిన్నె జారి పడింది.

"నా వెంటే వచ్చేసింది" అన్నాడు. "ఎలా తెచ్చానో అలాగే దిగబెట్టాలి. దారిలో ఆగొద్దు. ఎవరు పిలిచినా పలకొద్దు."

ప్లగ్గు పీకితే గానీ గొంతు ఆగలేదు.

ముగ్గురం నేరుగా రుఫీనా ఇంటికి నడిచాం. నా కొట్టు ముందు బేరానికొచ్చినవాళ్లు కేకేసినా తలతిప్పలేదు. శవపేటిక పక్కన డబ్బా పెట్టి, ఈసారి సీడీ వేశాడు సాంతో. జనమంతా బదులు పాడారు. చివరిది వీడ్కోలు ప్రార్థన. అది అయిపోతే పోయినవాళ్లు నిజంగా వెళ్లిపోయినట్టే. అది మొదలవగానే లుజ్విమిందా సాంతోని పక్కకి నెట్టి పాట ఆపేసింది.

"ఇదొక్కటీ వద్దు. ఇంకాసేపు ఉండనివ్వండి అమ్మని."

తెర మీద పాట నిమిషాలు చూపే అంకెలు ఆగాయి. గొంతు ఆగలేదు. ఆ పిల్ల ప్లగ్గు కూడా పీకేసింది. ముసలమ్మ తొణక్కుండా చరణం చివరిదాకా పాడి, బదులు కోసం ఆగింది.

మేమంతా లుజ్విమిందా వైపు తిరిగాం. ఆ బదులు ఎవరు పాడాలో అందరికీ తెలుసు. లుజ్విమిందా చాలాసేపు తల అడ్డంగా ఊపుతూనే ఉంది. తర్వాత పేటిక మీద చెయ్యి వేసి, అమ్మకి ఆ బదులు పాడింది.