మేకపాలూ, ఎర్రగా కాలిన కొడవలీ

2016 ఏప్రిల్ చివరి వారంలో ఒక మిట్టమధ్యాహ్నం నా భార్య తన సొంత అన్న తలను రాతితో పగలగొట్టింది. దానికి కారణం ఆమె తలనొప్పి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే చదివేవారికి నవ్వు రావచ్చు. ఆనాడు వంటింటి గచ్చు మీది నెత్తురు కడిగినవాణ్ణి కనుక నాకు రాలేదు.

హుజూర్‌నగర్ వైపు కాలువల మీద నీటిమట్టం కొలిచి రాసే ఉద్యోగం చేసి, విరమణ తరువాత కల్వకుర్తిలో స్థిరపడ్డాను. కొలతకు అందని మాటను నమ్మడం నాకు అలవాటు లేదు. అందుకే ఆమెకు నొప్పి మొదలైన నాటి నుంచి వేళలు గమనిస్తూ వచ్చాను. పొద్దుపొడిచిన గంటకు కుడి కణతలో పుట్టేది. ఎండ ముదిరేకొద్దీ ముదిరేది. పన్నెండు గంటలకు ఆమె తలను గోడకేసి కొట్టుకునేది. గోడ సున్నం నుదుటికి అంటుకునేది. లేచి నిలబడబోతే ఇల్లంతా గిర్రున తిరిగినట్టుండేది. ఒకనాడు పొయ్యి మీదికి తూలి, మరుగుతున్న ఎసరు పాదాల మీద పోసుకుంది. సాయంత్రానికి మాత్రం, కొడుతున్నవాడెవడో అలసిపోయి వెళ్లినట్టు, నొప్పి దిగిపోయేది.

రక్తపోటు 120/80. తల స్కానింగులో దోషం లేదు. కళ్లు, చెవులు, మెడ అన్నీ సక్రమమే. హైదరాబాదు డాక్టరు "ఏమీ లేదమ్మా" అనగానే ఆమె ఆ స్కానింగు ఫిల్మును అందుకుని చించబోయింది. అది చిరగలేదు.

"ఏం లేకుంటె నన్ను గిట్ల కొట్టేదెవరు సారూ?" అని అరిచింది. ఆయన తరువాతి రోగిని పిలిచాడు.

ఆ తరువాత మా పట్టణంలోని ఆయుర్వేద వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆమె ముందుగా రిపోర్టులన్నీ చూసింది, పిదప నేను గమనించిన వేళలు అడిగింది. సూర్యుడితో ఎక్కి సూర్యుడితో దిగే నొప్పిని తమ శాస్త్రం సూర్యావర్తం అంటుందని చెప్పింది. గుంటగలగరాకు రసంలో అంతే కొలత మేకపాలు కలిపి, ఎండలో వెచ్చబెట్టి, వడగట్టి, ఉదయం ముక్కులో చుక్కలుగా వేయాలి. తెల్లవారకముందే నెయ్యి వేసిన అన్నం తినాలి. వారానికి మూడేసి చేస్తున్న ఉపవాసాలు మానాలి. మాట తడబడినా, చూపు మసకబారినా తన దగ్గరికి కాదు, నేరుగా పెద్ద దవాఖానకు వెళ్లాలి. మొదటి చుక్కలు తానే వేసింది. ఆ మంటకు నా భార్య నా ముంజేతిని నెత్తురు వచ్చేలా రక్కింది.

మేకపాలు తెచ్చేది ఆమె అన్న. ఊరి బయట గొర్రెలు, మేకలు కాచేవాడు. రోజూ చెంబు దించి, చెల్లెలి అవస్థ చూసి, ఒకటే పాట పాడేవాడు.

"గొర్రెకు గీ రోగమొస్తె గిట్లనే మెడ వంచి గిరగిర తిరుగుతది, బావా. కొడవలి కాల్చి నెత్తి మీద ఒక్క సురుకు పెడితె నిలవడ్తది. మా నాయిన ఎన్నిటిని బతికిచ్చిండో నీకెర్కేనా?"

"ఎన్ని బతికినయి? ఎన్ని సచ్చినయి?" అని అడిగాను.

"సచ్చినయాటిని ఎవడు లెక్కవెడ్తడు? కూర వండుకున్నం."

"నేనేమన్న గొర్రెనా, అన్నా?" అంది మంచంలోంచి నా భార్య.

"గొర్రెవైతె గింత లొల్లి చేస్తుంటివా?"

ఈ సంగతి వైద్యురాలికి చెప్పాను. "కాల్చే చికిత్స మా శాస్త్రంలో ఉంది. ఈమెకు మాత్రం పనికిరాదు. కణత మీద, కంటి పక్కన ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి" అంది. ఆ మాటలన్నీ మా బావమరిదికి పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆయన అందులో మొదటి వాక్యం మాత్రం ఇంటికి తీసుకుపోయాడు.

ఆ మధ్యాహ్నం తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నొప్పి తారస్థాయిలో ఉన్న వేళనే ఎంచుకున్నాడు. గొర్రెకైనా అది తిరుగుతున్నప్పుడే వాత పెడతారు. నేను ముందుగదిలో ఉండగా వాళ్లు పాల చెంబుతో వంటింట్లోకి వెళ్లారు. గ్యాస్ పొయ్యి వెలిగిన చప్పుడు విని, పాలు కాస్తున్నారనుకున్నాను. కేక విని పరుగెత్తేసరికి నా భార్య గచ్చు మీద పడి ఉంది. వదిన ఆమె కాళ్ల మీద కూర్చుంది. అన్న ఒక మోకాలు ఆమె భుజం మీద మోపి, ఎడమచేత్తో తలను నేలకు అదిమి, నడుముకు దోపి తెచ్చిన కొడవలిని ఎర్రగా కాల్చి కుడిచేత్తో పట్టుకున్నాడు. నేను మణికట్టు పట్టుకుంటే విదిలించాడు. బియ్యం డబ్బాకు తగిలి పడ్డాను, కళ్లద్దాలు పగిలాయి.

"కండ్లు మూస్కో చెల్లె, ఒక్క రెప్పపాటే" అంటున్నాడు. ఆయన ఏడుస్తున్నాడు. కొడవలి కొన ఆమె చెవి పైన వెంట్రుకలకు తగిలి కమురు వాసన లేచింది.

పక్కనే, పొద్దున ఆకు నూరిన గుండ్రాయి ఉంది. ఆమె చెయ్యి దాన్ని వెతికి పట్టుకుంది. ఒక్కటే దెబ్బ. కొడవలి గచ్చు మీద పడింది. ఆయన రెండు చేతులతో తల పట్టుకుని చతికిలపడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారింది.

"సంపినవే!" అన్నాడు.

"సావలే. కూసున్నవ్. ఇంకోటెయ్యాల్నా?" అంది ఆమె, రాయి దించకుండా.

ఆయనకు ఏడు కుట్లు పడ్డాయి. వదిన మా వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేలా తిట్టి వెళ్లింది. మేకపాలు ఆగిపోయాయి. వేరే చోట అడిగి తెచ్చుకున్నాను.

మే నెల మధ్యలో ఆయన తలకట్టుతో, పాల చెంబుతో గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నాగ్గూడ ఇల్లు తిరుగుతాంది, చెల్లె. నెత్తి ఫోటో దీసి ఏం లేదన్నరు" అన్నాడు.

"ఏం లేకుంటె నిన్ను కొట్టిందెవరు?"

ఆయన తలకట్టు తడుముకున్నాడు. "నువ్వే" అన్నాడు.

ఆమె నవ్వింది, నవ్వగానే కణత పట్టుకుని తలుపుకు ఒరిగింది. ఆ నొప్పి పూర్తిగా పోయిందని నేను రాయను. ఆ వానాకాలానికి, గోడకు తల కొట్టుకున్న రోజుల కంటే కొట్టుకోని రోజులు ఎక్కువయ్యాయి. చుక్కలు పనిచేశాయో, తెల్లవారుజామున తిన్న నెయ్యన్నం పనిచేసిందో, ఎండలే తగ్గాయో విడదీసి చెప్పే లెక్క నా దగ్గర లేదు.

పాలు ఇప్పటికీ వస్తున్నాయి. మా బావమరిది గడప బయట చెంబు దించి, రెండు అరచేతులూ చాచి చూపి, నిలబడిన చోటే ఒకసారి చుట్టూ తిరిగి, నడుముకు ఏమీ దోపుకోలేదని రుజువు చేస్తాడు. అంతవరకూ నా భార్య గుండ్రాయి చేతిలోంచి దించదు.