బొమ్మల బీరువా

పిల్లోడి కోసం బడి చూడ్డానికి పోయేటప్పుడు ముందుగా చెప్పి పోకూడదు. నా మాట నమ్మండి. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో పదేళ్లు ఎల్‌కేజీ పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. అడ్మిషన్ కోసం ఎవరో వచ్చి ఆఫీసులో కూచున్నారని ఆయమ్మ పరిగెత్తుకొచ్చి చెబితే, బీరువా తీసి బొమ్మలన్నీ చాప మీద పరిచేదాన్ని. వాళ్లు చూసి మురిసి వెళ్లిపోయాక, మళ్లీ అన్నీ లోపల పెట్టి తాళం. పిల్లలు విరగ్గొడతారని మా కరస్పాండెంటు భయం.

తర్వాత మా ఆయనకు ప్రొద్దుటూరులో పని దొరికి కాపురం అక్కడికి మారింది. అప్పటికి మా వాడికి మూడున్నరేళ్లు. మాటలింకా సరిగా రాలేదు. నీళ్లు కావాలన్నా నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కుపోయేవాడు. బడిలో ఎవరైనా కొట్టినా, గదిలో పెట్టి గడియ వేసినా ఇంటికొచ్చి చెప్పలేడు. నా భయమంతా అదే. అందుకే ఏ బడికి పోయినా మూలమూలలు వెతికేదాన్ని. ఆయమ్మ చేతిలో బెత్తం ఉందా అని కూడా చూసేదాన్ని.

"దొంగకు దొంగబుద్ధి అని ఊరికే అన్నారా? నీకందరూ నీ మాదిరే కనపడతాండారు," అన్నాడు మా ఆయన. ఆ మాట నిజమే.

ఆయన మెచ్చిన బడి మెయిన్ రోడ్డు మీద ఉంది. గోడల నిండా రంగురంగుల జిరాఫీలు. హెడ్మిస్ట్రెస్ మమ్మల్ని ఏసీ గదిలో చాలాసేపు కూచోబెట్టింది. ఎందుకో నాకు తెలుసు. ఆ తర్వాతే ఎల్‌కేజీ గదికి తీసుకుపోయింది. చాప నిండా బొమ్మలు. మధ్యలో ఒక ప్లాస్టిక్ గుర్రం, దాని మెడకు అంగడి చీటీ ఇంకా వేలాడుతోంది. చుట్టూ పిల్లలు చేతులు కట్టుకుని కూచున్నారు. ఒక్కరూ ముట్టుకోవడం లేదు.

"మా దగ్గర చదువంతా ఆటపాటల్తోనే," అంటోంది హెడ్మిస్ట్రెస్.

రెండు జడల పిల్ల ఒకతి టీచరు కొంగు లాగింది. "మేడం, ఈపొద్దు ఎవురొచ్చినారు?"

ఆ టీచరుకు ఇరవై రెండేళ్లుంటాయేమో. తల దించుకుంది. ఆ ముఖం నాకు కొత్త కాదు, అది నా ముఖమే. మా ఆయన అప్పటికే అప్లికేషన్ నింపడానికి పెన్ను తీశాడు. నేను పిల్లోణ్ని చంకనేసుకుని బయటికొచ్చేశాను.

"ఏందిమే, పరువు తీస్తాండావు," అని మెట్ల మీద గొణిగాడు. "శానా బొమ్మలుండాయి కదా, ఇంకేం కావల్ల నీకు?"

"విరిగిన బొమ్మలు కావల్ల," అన్నాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు.

చివరికి చర్చి వెనక వీధిలో నాలుగు గదుల బడి ఒకటి దొరికింది. చెప్పకుండానే పోయాను. వీధి మొదట్లోకే పిల్లల గోల వినపడింది. లోపల లారీ బొమ్మకు చక్రాల్లేవు, ఊగే గుర్రానికి ఒక చెవి లేదు. అక్కడే చేర్చాను.

అయినా నా అనుమానం చస్తేనా. వారం తిరక్కముందే, పదకొండు గంటలప్పుడు పోయి కిటికీలోంచి తొంగి చూశాను. మా వాడు ఆ గుర్రమెక్కి ఊగుతున్నాడు. నన్ను చూశాడు. దిగలేదు. నవ్వి, మళ్లీ ఊగాడు.

ఊచలు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. మేడం, ఈపొద్దు ఎవురొచ్చినారు అని జమ్మలమడుగు పిల్లలూ నన్ను అడిగేవాళ్లు. నేను నోటి మీద వేలు పెట్టి చూపించేదాన్ని. ఆ పదేళ్లూ బీరువా తాళంచెవి నా కొంగుకే ఉండింది.