తడక ఇంటికి తాళం

తొమ్మిదేళ్లుగా ఒక చిన్న వాక్యం నాతో కాపురం చేస్తోంది. మూడే మాటలు. రాసింది నేనే కనుక గెంటేయలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

దుమ్ముగూడెం అవతల అడవి పల్లెలకు ఉత్తరాలు పంచడం నా ఉద్యోగం. డిగ్రీ చదివాను. ఆ చదువంతా జోకులకే ఖర్చయింది.

నా స్నేహితుడు రాములు తన భార్య సమ్మక్కనూ ఆరేళ్ల కూతురు సీతనూ వదిలేశాడు. వాళ్లు వైరా దగ్గర పుట్టింటికి చేరారు. సీతకు మూర్ఛ. రోజూ మాత్ర పడాలి. బిడ్డను పోషించడం తండ్రి దయ కాదు, బాధ్యత అని సమ్మక్క కేసు వేసింది. రాములు పేరిట కోర్టు నోటీసు నా సంచిలోకి వచ్చింది.

రాములు వాకిట్లో నులక మంచం బిగిస్తున్నాడు. కవరు చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంటికి తాళమున్నదని రాయన్నా."

"తాళం ఏడ ఏస్తవ్‌రా? తడక తప్ప నీ ఇంటికి తలుపే లేకపాయె."

"అవ్. గది జడ్జికి ఎర్కనా ఏంది?"

ఇద్దరం నవ్వాం. ఆ మంచం మీదే కూర్చుని కవరు మీద రాశాను: ఇంటికి తాళం ఉంది.

భయపడి రాశానా? లేదు. ఆశపడి? అదీ కాదు. అలాంటిదేదైనా ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా మిగిలేది. జోకు బాగుందని రాశాను. రెండో నోటీసుకూ అదే. మూడోసారికి చేతిరాత కూడా కుదిరింది.

నోటీసు అందలేదని కోర్టులో వాయిదాలు పడ్డాయి. ఇంట్లో మాత్రలు అయిపోయాయి. సమ్మక్క మిరప కోతకు పోయిన పూట సీత పొయ్యి దగ్గర ఉంది. మూర్ఛ వచ్చింది. పొయ్యి వైపే పడింది.

నాలుగో నోటీసు రాలేదు.

నిప్పు పెట్టింది నేను కాదని నాకు నేను చాలాసార్లు వాదించుకున్నాను. కానీ ఒక్క కవరైనా అతని చేతిలో పెట్టి ఉంటే, అతను కోర్టు మెట్లెక్కి ఉంటే, ఆ నెల మాత్రలు ఇంట్లో ఉండేవేమో అన్న చోటికి వచ్చేసరికి నాలోని లాయరు ఫైలు కట్టేసి వెళ్లిపోతాడు.

మొన్న భద్రాచలం బస్టాండులో సమ్మక్క కనిపించింది. పక్కన సీత. ఎడమ చేతిని చున్నీలోంచి బయటికి తీయలేదు.

"ఈ అన్ననే బిడ్డా," అంది సమ్మక్క. "మీ నాయిన కోసం మూడుమాట్ల తిరిగిండు పాపం. పోయినప్పుడల్లా వాడు లేకపాయె."

సీత నాకు దండం పెట్టబోయింది. ఒక్క చేత్తోనే. నేను బస్సు టైము అడిగాను.

రాములు ఆ మూడుసార్లూ ఇంట్లోనే ఉన్నాడు, సమ్మక్కా. నా ఎదురుగానే ఉన్నాడు. నీ ముందు రాని మాట కాగితం మీదికి వచ్చింది. ఎప్పుడైనా ఇది నీ దాకా వస్తే, చదివాక ఏం చేస్తావో తెలియదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. అదీ నాకే.