ఈ వారం బాబాయికి నచ్చినవి

మా బాబాయికి ఏదీ నచ్చదు. కోపం కొద్దీ అంటున్న మాట కాదిది, ఆయన చేసే పనే అది. మా పత్రిక ఆదివారం అనుబంధంలో ఆయన రాసే శీర్షిక పేరు 'ఈ వారం నాకు నచ్చినవి'. వారమంతా తిరిగి ఒక నాటకం, ఒక వైన్, ఒక ఆట, ఒక పుస్తకం ఏరుకొచ్చి, నాలుగింటినీ వరసగా నిలబెట్టి దులిపేస్తాడు. శీర్షికకీ లోపలి సరుకుకీ పొంతన లేదేమని ఎవరైనా అడిగితే, "ఉన్నవాటిలో ఇవే నయం. నచ్చనివన్నీ రాయమంటారా? మీ పత్రిక చాలదు" అంటాడు.

పెదవి విరవడంలో ఆయనకు ఆయనే సాటి. ఆఫీసులో అందరూ ఆయన్ని 'పెదవివిరుపుగారు' అనేవారు. ఆ పేజీ చూసేది నేనే కాబట్టి, నాకూ వాటా దక్కేది. "బాబాయి తిడతాడు, అబ్బాయి అచ్చేస్తాడు" అని మా ప్రూఫ్ రీడరు రాగం తీసేవాడు. ఆ రాగం ఎలా ఉంటుందో బాబాయి వినలేదు. వినుంటే ఆ వారం ఐదో అంశం కూడా దొరికేది.

ఒకసారి ఆయనతో వైన్ షాపుకి వెళ్ళాను. షాపాయన పాపం కొత్త సీసా తెరిచి, గ్లాసులో పోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాబాయి గ్లాసును వెలుతురులో తిప్పాడు, వాసన చూశాడు, ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"ద్రాక్ష ఎక్కడిది?"

"కొండవాలులో పండించిందండీ. ఎండ బాగా తగులుతుంది."

"తగిలినట్టే ఉంది. వడదెబ్బ."

"పోనీ ఇది చూడండి. పన్నెండేళ్ళ పాతది."

బాబాయి అదీ తాగాడు. "పన్నెండేళ్ళు చీకట్లో కూర్చుని ఇది నేర్చుకున్నది ఇంతేనా?" అన్నాడు. షాపాయన ముఖం మాడిపోయింది. నేను మాత్రం ఒకటి గమనించాను. ఇంత తిట్టినవాడు గ్లాసు తలకిందులుగా పట్టుకుని ఆఖరి చుక్క దాకా జార్చుకున్నాడు.

ఫుట్‌బాల్ పోటీకి వెళ్ళినప్పుడూ అదే తంతు. ఆఖరి నిమిషంలో గోలు పడితే బాబాయి కేకలేసి, గంతులేసి, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి టోపీ లాక్కుని గాల్లోకి విసిరాడు. తీరా రాసింది ఇది: 'మైదానంలో తెలివైనవాడు గోల్‌కీపరు ఒక్కడే. ఈ ఆట కోసం పరిగెత్తడం దండగని గ్రహించి ఉన్నచోటే నిలబడ్డాడు.'

"మరి ఆ టోపీ ఎందుకు విసిరావు బాబాయ్?" అని అడిగాను.

"దాని కుట్టు బాగాలేదు" అన్నాడు.

ఇలా మా రోజులు తిట్లతో చల్లగా గడిచిపోతుండగా కొత్త ఎడిటరు దిగబడ్డాడు. నవ్వు ముఖానికి జిగురు పెట్టి అతికించుకున్నట్టుండే మనిషి. పాఠకుడు పేపరు మడిచేసరికి ఉత్సాహంతో ఉరకలు వేయాలట. ఆ ముక్క ఎక్కడో శిక్షణలో బట్టీపట్టి వచ్చాడు. చావు వార్తలు కూడా కాస్త హుషారుగా రాయలేరా అని అడిగిన మహానుభావుడు. ఆయన నన్ను పిలిచి, అదే నవ్వుతో చెప్పాడు.

"మీ బాబాయిగారికి ఈ ఆదివారం ఏదో ఒకటి నచ్చాలండీ. లేకపోతే శీర్షిక ఆపేద్దాం. ఆ జాగాలో పళ్ళు ఎలా తోముకోవాలో వేద్దాం."

ఈ మాట బాబాయికి ముఖాముఖి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆయన నాటకానికి పోయే వేళ చూసుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మెట్ల మీదే పిన్ని జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. మళ్ళీ సరిగ్గా నడవలేకపోయింది. నేను ఈ ఊరు వచ్చేసరికే ఆమె లోకమంతా ఒక మంచం, ఒక కిటికీ. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కిందికి దింపుతామని ఎన్నోసార్లు అడిగాను. "నలుగురూ మోసే రోజు ఎలాగూ వస్తుంది కదరా, ఇప్పట్నుంచే అలవాటెందుకు?" అని కొట్టిపారేసేది. ఒకరి చేత మోయించుకోవడం అంటే ఆమెకు చచ్చేంత నామోషీ.

ఎడిటరు మాట చెప్పేసరికి పిన్ని ముఖం వాడిపోయింది.

"ఆపేస్తారా?"

"ఒక్కటి నచ్చిందని రాస్తే చాలు పిన్నీ. నువ్వు చెప్పి చూడు."

"ఆయన రాయరురా."

"ఎందుకు రాయడు? మొన్న ఆట చూసి పిల్లాడిలా గంతులేశాడు. నా కళ్ళారా చూశాను."

"నాకు తెలుసు. గొంతు బొంగురుపోయి వచ్చారు. వచ్చి ఏమన్నారో తెలుసా? 'నువ్వు రాకపోవడం నీ అదృష్టం' అన్నారు."

నాకు అర్థం కాలేదు. పిన్ని దిండుకి ఆనుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"నేను పడకముందు అన్నిటికీ ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. అప్పుడు ఈయన ఒట్టి భోళా. ఎంత చెత్త నాటకానికైనా లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు, నాకు సిగ్గేసేది. నేను మంచం ఎక్కాక మొదటిసారి ఒక్కరే వెళ్ళొచ్చారు. అద్భుతంగా ఉందని మొదలుపెట్టి, నా ముఖం చూశారు. ఏం కనబడిందో ఏమో, 'అబ్బే, ఏముంది, అంతా చెత్త' అన్నారు. అప్పట్నుంచీ అంతే. డాక్టరు నన్ను వైన్ ముట్టుకోవద్దన్న రోజు నుంచీ వైన్‌కీ తిట్లు మొదలయ్యాయి. నేను పోగొట్టుకున్నది ఏదీ లేదని అనిపించడానికి లోకంలో బాగున్నవన్నీ తిట్టుకుంటూ వస్తున్నారు."

"ఇదంతా నీకు తెలుసని ఆయనకి తెలుసా?"

"తెలియనిస్తానా? ఆయన ఎంత తిడితే అది అంత బాగుందని నా లెక్క. పోయిన నెల ఒక నాటకాన్ని సగం పేజీ తిట్టారు చూడు, ఎంత బాగుండి ఉంటుందో. ఆ తిట్లు వింటుంటే నాకు స్టేజీ కళ్ళకు కట్టినట్టుంటుంది."

"మరి పుస్తకాలు?"

"అవి మాత్రం నిజంగానే చెత్త. నేనూ చదివాగా."

నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ అచ్చేసింది నేను, అర్థం చేసుకుని చదివింది ఈ ఒక్కతే.

పిన్ని కిటికీలోంచి కింద వీధిలోకి తొంగిచూసింది. "శీర్షిక పోతే ఈయన రోజంతా ఇంట్లోనే ఉంటారు. వంకలు పెట్టడానికి మిగిలేది నేనే. నేను పక్కన ఉంటే ఇంక తిట్టాల్సిన పనేముంది? మీ ప్రెస్సులో కండబలం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంది.

ఆ గురువారం మధ్యాహ్నం మెషిన్ మీద పనిచేసే అన్నదమ్ములిద్దరూ, ప్రూఫ్ రీడరూ, నేనూ కలిసి పిన్నిని కుర్చీతో సహా కిందికి దింపాం. బాబాయి ముందు నడుస్తూ మెట్టు మెట్టుకీ మమ్మల్ని సమీక్షించాడు. "పెళ్ళి పల్లకీ అనుకున్నారా, ఆ ఊపేమిటి? ఎడమవైపు వాడికి అన్నం పెట్టేవాళ్ళు లేరా?" పిన్ని మాత్రం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

ఊళ్ళో ఆ రోజు ఆడుతున్నది ఒకటే నాటకం. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ముల కథ. వాళ్ళు అన్నదమ్ములని మొదటి నిమిషంలోనే హాలంతటికీ తెలిసిపోయింది, స్టేజీ మీద మాత్రం మూడో అంకం దాకా ఎవరికీ తెలియలేదు. హీరో మీసం డైలాగుకి ఒకసారి ఊడింది. హీరోయిన్ చచ్చిపోయి, వెల్లకిలా పడి, లేచి కొంగు సర్దుకుని, మళ్ళీ చచ్చిపోయింది. తెర పడగానే బాబాయి లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాడు. పక్కన పిన్ని కూడా కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు బాబాయి మెట్ల మలుపులో నన్ను వెనక్కి లాగాడు. "ఒరేయ్, ఇంత దరిద్రపు నాటకం నా జన్మలో చూడలేదు. మీ పిన్నితో అనకు. ఆ ముఖం ఎలా వెలిగిపోతోందో చూశావా?" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

పైకి వెళ్ళాక, బాబాయి చెప్పులు విప్పుకుంటుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "విసుగుతో చచ్చాననుకో. ఆయనతో మాత్రం అనకురా. ఎన్నాళ్ళకి అలా చప్పట్లు కొట్టారో" అని తనూ ఒట్టు వేయించుకుంది.

ఆ వారం శీర్షికలో బాబాయి ఆ నాటకాన్ని ఆకాశానికెత్తేశాడు. మీసం ఊడటంలో కూడా ఆయనకు సహజత్వం కనిపించింది. ఎడిటరు దాన్ని అందరికీ వినిపించి, శీర్షికకి ఇంక ఢోకా లేదన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన తిడుతుంటే ఒక్క పాఠకుడూ కిమ్మనలేదు. పొగిడేసరికి నమ్మి వెళ్ళినవాళ్ళంతా ఫోన్ చేసి నన్ను తిట్టిన తిట్లు బాబాయికి కూడా రావు.

ఆ గొడవ సద్దుమణగకముందే బాబాయి ఆఫీసుకి వచ్చాడు.

"ఈ ఆదివారం మళ్ళీ కుర్చీ పట్టాలిరా."

"దానికేం బాబాయ్. ఏం చూడబోతున్నారు?"

"అదే నాటకం."

"అదేనా?"

"మీ పిన్నికి అంత నచ్చింది కదా, ఇంకోసారి చూద్దామా అన్నాను. ఎగిరి గంతేసినంత పని చేసింది."

ఇద్దరికీ వేసిన ఒట్లు నా గొంతుకి అడ్డం పడ్డాయి. ఆదివారం వచ్చింది, కుర్చీ దిగింది, తెర లేచింది. నాటకం నడుస్తున్నంతసేపూ బాబాయి పిన్ని ముఖం చూస్తూ మురిసిపోయాడు, పిన్ని బాబాయి ముఖం చూస్తూ మురిసిపోయింది. ఆ దరిద్రాన్ని రెండుసార్లూ మొదట్నుంచీ చివరిదాకా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.