జావాలోని దీర్ఘం

మేము ఉద్యోగాలకు తిరిగే కాలంలో జీతం లేకుండా పనిచేయడం కూడా ఒక ఉద్యోగమే. దాన్ని ఉమేద్వారీ అనేవారు. ఎప్పటికైనా ఖాయం చేస్తారన్న ఆశతో ఎల్లారెడ్డి తహసీలు కచేరీలో రెండేళ్లు కాగితాలకు నకళ్లు రాశాను. ఖాయం చేయాల్సిన మనిషి మా తహసీల్దారు సాబు, మైసూరు వైపువాడు. ఊరంతా చాయ్ తాగుతుంటే ఆయనొక్కడే కాఫీ తాగేవాడు, అందులోనూ జావా దీవి కాఫీ. చాటుగా అందరం ఆయన్ను జావా సాబు అనేవాళ్లం.

నా బల్ల ఆయన గదికి ఆనుకుని ఉండడం నా ఖర్మ. కప్పు చేతికి రాగానే పిలిచేవాడు. సుమత్రా కాఫీలో వానకు తడిసిన అడవి వాసన ఉంటుందట, మైసూరుది మెత్తగా దిగుతుందట, పసిఫిక్ సముద్రం నడుమ హవాయి అనే దీవుల్లో పండేది పూల వాసన వేస్తుందట, జావా మాత్రం నాలుక మీద బరువుగా కూర్చుంటుందట. (నాకు ఒక్క చుక్క పోసిన పాపాన పోలేదు.) నా దరఖాస్తు ఏ కట్ట కింద పడి ఉందోనని లోపల ఉడికిపోతూ పైకి తల ఊపేవాణ్ని. ఏ కొండ మీద ఏ కాఫీ పండుతుందో గంటలకొద్దీ చెప్పిన మనిషి, దాన్ని ఎట్లా కాస్తారో ఒక్కనాడూ చెప్పలేదు. అది ఆయన వంటవాడికే తెలుసు.

యుద్ధంలో జపాను వాళ్లు జావాను పట్టుకున్నారు. కాఫీ రావడం ఆగింది. సాబు దగ్గర చివరి డబ్బా మిగిలింది. అంతలో వంటవాడు పెండ్లికని ఊరికి పోయాడు, సాబుకు హైదరాబాదులో పని పడింది. రైలెక్కేది కామారెడ్డిలో. మా ఇల్లు స్టేషను పక్కనే. డబ్బా నా చేతిలో పెట్టి, "ఇదే ఆఖరు. ఎల్లుండి పొద్దున మీ ఇంట్లో తాగి రైలెక్కుతాను. తిరిగొచ్చాక నీ కాగితం చూద్దాం" అన్నాడు.

మరునాడు డబ్బా అవ్వకిచ్చాను. (తల్లిని మేము అట్లాగే పిలుస్తాం.) "ఇది జావా. రేపు సాబుకు చేసియ్యాలె. నా నౌకరీ దీని మీదనే ఉన్నది" అన్నాను.

అవ్వ మూత తీసి చూసి, "గింజలు మాడగొట్టిన్రు గదరా" అంది.

"గట్లనే ఉంటయి" అన్నాను. ఎట్లా కాయాలో నాకూ తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. తెల్లారి సాబు బస్సుకు ఎదురుపోయాను.

సాబు వచ్చి మా మంచం మీద కూర్చుని, కండ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. అవ్వ రెండు చేతులతో ఇత్తడి గిన్నె తెచ్చి పెట్టింది. నల్లగా, చిక్కగా, పైన ఉల్లిగడ్డ ముక్కలు.

"ఏందవ్వా ఇది?"

"జావ. నువ్వే గద చెయ్యమన్నవు. నాలుగుసార్లు కడిగినా నలుపు పోలే. ఇసుర్రాయిల ఇసిరి ఉడకబెట్టినా చిక్కగయితలేదని జొన్నపిండి కలిపిన. ఉప్పేసి సల్ల పోసిన. సాబుకు కడుపు ఖరాబైనట్టున్నది, తాగుమను."

"డబ్బా మొత్తం ఏసినవా?"

"మరి దాచుకుంటనా?"

ఒక్క దీర్ఘం. అది అవ్వ చెవిన పడక నా రెండేళ్ల చాకిరీ గంగలో కలిసిందనుకున్నాను. దీవికి ఆ పేరు పెట్టినవాళ్ల మీద, దాన్ని పట్టుకున్నవాళ్ల మీద, అందరి మీదా మండిపడ్డాను, నా మీద తప్ప. సాబు గిన్నె ఎత్తి ఒక గుక్క మింగాడు. అవ్వ ఎదురుగా నిలబడి, "ఇంకింత పొయ్యాల్నా సాబు?" అంటోంది. ఆయన గిన్నె ఖాళీ చేశాడు. ఆఖరి జావా కదా, పారబోయడానికి చేతులు రాలేదేమో. ఆయన్ను రైలెక్కించాను. ఇంటికొచ్చి గిన్నె అడుగున మిగిలింది నాకి చూశాను. చేదు, ఉప్పు. అదే నా మొదటి కాఫీ.

పదిహేను రోజులకు నా కాగితం వచ్చింది. ఖాయం. కింద ఉర్దూలో ఆయన చేతిరాత: "చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి." అది మెప్పో తిట్టో నౌకరీ దిగేదాకా నాకు తేలలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, సాబు లేడు. మనవరాలు జావా అని, సుమత్రా అని పేర్లున్న పొట్లాలు తెచ్చి కాచి ఇస్తుంది. ఎట్లా ఉంది తాతా అని అడుగుతుంది. బాగుంది బిడ్డా అంటాను. కొంచెం ఉప్పు తక్కువైందని మాత్రం చెప్పను.