పలమనేరులో కూత తప్పిన రోజు

ఆ రోజుల్లో మా తిరుపతిలో సాయంత్రం ఏ ఇంట్లో టీవీ పెట్టినా తొడ చరుచుకునే చప్పుడే వినిపించేది. అంతకు కొన్నేళ్ళ ముందు వరకూ కబడ్డీ అంటే జాతర్లలో మట్టి కొట్టుకుంటూ ఆడే ఆట. ఆడపిల్లలకైతే అది బడి గ్రౌండు దాటి బయటికి వచ్చేది కాదు. అలాంటిదానికి టీవీవాళ్ళు రంగు దీపాలు పెట్టి, కింద రబ్బరు చాపలు పరిచి, ఆటగాళ్ళకు బూట్లు తొడిగి లీగు అని మొదలుపెట్టేసరికి ఊరి తీరే మారిపోయింది. మా వీధి బట్టల కొట్టులో లంగా జాకెట్ల పక్కన జట్ల బనియన్లు వేలాడాయి. కూరగాయలమ్మే అవ్వ గీచి గీచి బేరమాడేవాళ్ళతో "గీత దాటినావు తల్లీ, నువ్వు అవుటు" అనేది. మా అమ్మ ఉప్మా కలుపుతూ గరిటె గాల్లో ఆపేసి "పట్టుకోండ్రా వాణ్ణి" అని టీవీని కసిరేది (అదే పని నేను మైదానంలో చేస్తానంటే మాత్రం గరిటె నా వైపు తిరిగేది). సున్నపు గీతల మధ్య కొందరు మనుషులు ఒకరినొకరు తాకడానికి చేసే ప్రయత్నం, ఒక ఊరి మాటనీ బేరాన్నీ వంటనీ అంతగా పట్టుకోగలదని తలచుకుంటే నాకు ఇప్పటికీ విడ్డూరమే.

నేనప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీ జట్టులో ఎక్కువగా కూతకు వెళ్ళేది నేనే. ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి జట్టులోకి దూరి, ఎవరినో ఒకరిని తాకి, ఆ ఊపిరి తెగకముందే మధ్య గీతకు తిరిగి రావాలి. అదే కూత. ఊపిరి తెగినా, మాట మారినా పాయింటు అవతలివాళ్ళదే. ఈ వ్యవహారమంతా మా నాయనకు నచ్చేది కాదు. ఆయనది కొండమీద క్యూల దగ్గర డ్యూటీ. పొద్దస్తమానం "గోవిందా అనండి, జరగండి" అంటూ జనాన్ని నడిపించి నడిపించి, ఇంటికొచ్చినా అదే ధోరణిలో ఉండేవాడు. భోజనాల దగ్గర చారు గిన్నె అందుకోవాలన్నా "జరగండమ్మా, జరగండి" అనేవాడు. నామం పెట్టుకుని స్వామి దగ్గర పనిచేసేవాడి కూతురు నిక్కరేసుకుని పరాయి ఊళ్ళలో కాళ్ళు పట్టి లాగడమేమిటని ఆయన బాధ. నేను అలిగాను, అన్నం మానేశాను (మధ్యలో అమ్మ దొంగతనంగా పెట్టిన దోసెలు లెక్కలోకి రావు). చివరికి ఒక సాయంత్రం ఆయన నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఒక్క పోటీ సూస్తా పాపా. నా కండ్లతో సూస్తా. గెలిస్తే నీ ఇష్టం, యాడికైనా పొయ్యి ఆడుకో. ఓడితే ఆ బనియను మడిసి బీరువాలో పెట్టి బీఈడీలో చేరల్ల. మల్లా మాట మార్సగూడదు," అన్నాడు.

"మార్సను నాయనా," అన్నాను. గెలుస్తామనే ధీమా అప్పట్లో నాకు ఊపిరి కంటే ఎక్కువగా ఉండేది.

మా కోచ్‌ను మేము ఈల సార్ అని పిలుచుకునేవాళ్ళం, మాట్లాడినదాని కంటే ఊదినదే ఎక్కువ కాబట్టి. నా కాళ్ళలో వేగం ఉంది గానీ ఊపిరి చాలడం లేదని ఆయన కనిపెట్టాడు. అందుకని ఆదివారం వస్తే జట్టు మొత్తాన్ని అలిపిరి మెట్ల దగ్గరికి తోలుకుపోయేవాడు. ఒక్క ఊపిరికి ఎన్ని మెట్లు వస్తే అన్ని మెట్లు కూత ఆపకుండా ఎక్కాలి, నిలబడి మళ్ళీ ఊపిరి తీసుకోవాలి, మళ్ళీ ఎక్కాలి, అలా గాలిగోపురం దాకా. మొదటి ఆదివారం మేము "కబడ్డీ కబడ్డీ" అంటూ మెట్లకు అడ్డం పడి బయల్దేరాం. మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వస్తున్న ఒక పెద్దావిడ వంచిన నడుము ఎత్తి మమ్మల్ని చూసింది. "ఏం పాపా, ఈడికొచ్చి గూడా ఆ మాటేనా. స్వామి పేరు నోట్లోకి రాదా," అని అడిగింది. మా అందరికీ సిగ్గేసింది. ఈల సార్ ఈల జేబులో వేసుకుని కాసేపు ఆలోచించి, "సరే, గోవిందా అనండి. అదీ అంతే పొడుగు గదా, ఊపిరికేం తెలుస్తాది," అన్నాడు. అప్పట్నుంచి మా సాధనంతా అదే. తొడలు మండిపోయి, గుండె గొంతులోకి వచ్చి, ఇక ఊపిరి లేదనుకున్న చోట "గోవిందా గోవిందా" అని ఇంకో నాలుగు మెట్లు. ఊపిరికేం తెలుస్తుందని సార్ అన్నాడు గానీ, దానికి అన్నీ గుర్తుంటాయని పలమనేరు వెళ్ళాక గానీ మాకు తెలియలేదు.

నాయన చూస్తానన్న ఆ ఒక్క పోటీ పలమనేరులో పడింది. పోటీ పెట్టింది ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పాలు పోయించుకునే ఒక డెయిరీవాళ్ళు. మాకిచ్చిన బనియన్ల వీపు మీద మా పేర్లు లేవు, పెరుగు ప్యాకెట్టు బొమ్మ ఉంది. గేటు దగ్గర ఫ్లెక్సీలో ఊరి పెద్దల ముఖాలు గుమ్మడికాయలంత, ఆడబోయే మా ముఖాలు ఆవగింజలంత. మైకు పట్టుకున్నాయన ఆటనూ అమ్మకాన్నీ ఒకే గొంతుతో నడిపిస్తున్నాడు. "పట్టు సూడండప్పా, అదీ బలమంటే. మీ ఆవుకూ అంత బలం రావల్లంటే మన దాణా వాడండి," అంటున్నాడు. పాలు పితికే వేళైనా ఆడవాళ్ళెవరూ ఇళ్ళకు కదల్లేదు. కొందరైతే ఆవుల్ని వెంట తోలుకొచ్చి గట్టున కట్టేసి మరీ కూర్చున్నారు. మార్కెట్టుకు పోవలసిన టమోటా లారీలు వరసగా ఆగిపోయి, వాటి మీద మగవాళ్ళు ఎక్కి నిలబడ్డారు. ఒక లోకల్ చానెలాయన కర్రకు ఫోను కట్టి లైవు పెట్టాడు. పాలూ టమోటాలూ లారీలూ, ఒక ఊరి బతుకంతా పని ఆపి మా కాళ్ళ వైపు చూస్తోంది. నాకు భయం వేసింది, భయం కంటే ఎక్కువగా గౌరవం కలిగింది. అంతమంది మధ్యలో, ముందు వరసలో, డ్యూటీ నుంచి నేరుగా బస్సెక్కి వచ్చిన మా నాయన నామంతో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఏమీ కనిపించలేదు.

అవతలి జట్టు పలమనేరు అమ్మాయిలే. వాళ్ళ కెప్టెన్‌ను అందరూ టమోటా అక్క అంటున్నారు. పొద్దున మార్కెట్లో టమోటా పెట్టెలు లారీల్లోకి ఎత్తి, సాయంత్రం ఆడుతుందట. ఆ చేతులకు చిక్కిన కాలు తిరిగి రాదని మా జట్టుకు ఆ సాయంత్రమంతా తెలుస్తూనే ఉంది. అయినా పడుతూ లేస్తూ ఆఖరిదాకా వచ్చాం. మేము ఒక్క పాయింటు వెనకబడి ఉండగా ఆఖరి కూత నాకు వచ్చింది. పోయినా వచ్చినా ఇదే అనుకుని లోపలికి వెళ్ళాను. మూలనున్న అమ్మాయిని తాకాను, పక్కనున్న ఇంకో అమ్మాయినీ తాకాను, వెనక్కి తిరిగాను. అంతే, టమోటా అక్క నా మడమ పట్టుకుంది. నేల మీద పడ్డాను. నా మీద ఇంకో ఇద్దరు పడ్డారు. మధ్య గీత నా వేళ్ళకు జానెడు దూరంలో ఉంది. "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉన్నాను గానీ లోపల ఊపిరి అడుగంటింది. తొడలు మండుతున్నాయి, గుండె గొంతులో ఉంది. సరిగ్గా మెట్ల మీద ఆగిపోయే చోటది. నన్నడక్కుండానే నా నోరు "గోవిందా గోవిందా" అని అందుకుంది.

మా వైపు ఆ పేరు ఎవరైనా బిగ్గరగా అంటే బదులు పలక్కుండా ఉండడం ఎవరి వల్లా కాదు. ఆలోచించి చేసే పని కాదది. మొదట ముందు వరస నుంచి ఒక గొంతు లేచింది. అది మా నాయనది, ఆ బదులు ఏళ్ళ తరబడి పలికిన గొంతు. ఆ వెనకే మైదానం మొత్తం "గోఓఓవిందా" అంది. లారీల మీద మగవాళ్ళు, గట్టున ఆడవాళ్ళు, దాణా మాట మరిచిపోయిన మైకాయన, అందరూ అన్నారు. కట్టేసిన ఆవులు సైతం తలలెత్తి చూశాయి. నేల అదిరినట్టు నా చెంపకు తెలిసింది. కొండ కింద పుట్టి పెరిగినదాన్ని, ఆ పేరు రోజూ వినేదాన్ని, అయినా అలా ఎప్పుడూ వినలేదు. ఆ క్షణంలోనే నా మీద బరువు తేలికైంది. నన్ను పట్టుకున్న చేతులన్నీ దండం పెట్టడానికి పైకి లేచాయి, టమోటా అక్క చేతులు కూడా. నేను పాక్కుంటూ వెళ్ళి గీత తాకాను. తలెత్తి చూస్తే రెఫరీ సార్ నోట్లోని ఈల జారి మెడలో వేలాడుతోంది. ఆయన చేతులూ జోడించే ఉన్నాయి.

అందరికంటే ముందు తేరుకున్నది టమోటా అక్కే. "సార్, ఆ పాప కబడ్డీ అనలా సార్," అంది.

"అనలేదమ్మా. నేనూ ఈల ఊదలా," అన్నాడు రెఫరీ సార్ దిగులుగా.

ఇక గోల మొదలైంది. "స్వామి పేరు చెప్తే ఓడిపోయేదేందప్పా, యాడన్నా ఉండాదా," అని గట్టు మీద నుంచి ఒకాయన లేచాడు. "అట్లయితే రేపు పరీక్షలో గూడా జవాబుకు బదులు గోవిందా రాసి వస్తారు," అని లారీ మీద నుంచి ఇంకొకాయన అడ్డుపడ్డాడు. తేలక, చానెలాయన ఫోను కర్ర నుంచి విప్పి దించారు. దాని పగిలిన అద్దం చుట్టూ రెఫరీ సారూ, ఈల సారూ, ఇద్దరు ఊరి పెద్దలూ తలలు కలిపి వంగారు. కూత ఎక్కడ మారిందో అందులో చక్కగా వినిపిస్తోందట (ఆ తర్వాత ఏమీ వినిపించడం లేదట, అందరికంటే గట్టిగా చానెలాయనే అరిచాడు కాబట్టి). రెఫరీ సార్ మైకు తీసుకుని, "మాట మారింది నిజం. నిబంధన నిబంధనే. పాయింటు పలమనేరుకు. గోవిందా అన్నందుకు నన్ను మాత్రం ఎవురూ ఏమీ అనొద్దండి," అన్నాడు. మేము ఓడిపోయాం.

నేను గీత దగ్గరే కూర్చుండిపోయాను. టమోటా అక్క వచ్చి చెయ్యందించి లేపింది. "నిన్ను ఇడసల్లని కాదు పాపా, దండం పెట్టేదానికి చేతులు కావల్ల గదా. ఇంకోతూరి అంటే మాత్రం ఇడవను. నిన్ను పట్టినాకనే మొక్కుకుంటా," అంది. నవ్వబోయాను గానీ ఏడుపొచ్చింది. బనియను, బీరువా, బీఈడీ, మూడూ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి.

నాయన జనాన్ని జరుపుకుంటూ వచ్చాడు. నా మోచేతి మీద చెక్కుకుపోయిన చోట మట్టి దులిపాడు. నేనే ముందుగా, "ఓడిపోయినాను నాయనా. మాట ప్రకారం మానేస్తాలే," అన్నాను.

"ఆ మాట నువ్వాడేది సూడకముందు అనింది," అన్నాడు ఆయన. "ఇన్నేండ్లుగా గోవిందా అనండి, గోవిందా అనండి అని జనాన్ని అడిగి అడిగి అనిపిస్తా ఉండా. ఈడ ఎవురూ అడగలా. అడక్కుండా ఊరంతా అనింది." నా భుజం మీద చెయ్యేసి, "రేపట్నుంచి సరిగ్గా నేర్సుకో. నువ్వు కబడ్డీ అను. గోవిందా అనేదానికి మేముండాం," అన్నాడు.

ఆ తర్వాత నేను చాలా కూతలకు వెళ్ళాను, గెలిచినవీ ఓడినవీ ఉన్నాయి. ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఒక బడిలో ఆటలు నేర్పుతున్నాను (నేను ఆయాసపడకుండా గ్రౌండు చుట్టూ ఒక్కసారి తిరగగలిగితే అదే గొప్ప). పలమనేరు వీడియో మాత్రం ఇంకా బతికే ఉంది, ఏడాదికోసారి ఎవరో ఒకరు పైకి లేపుతుంటారు. సిగ్గుతో నేను దాన్ని పూర్తిగా ఎప్పుడూ చూడలేదు, కింద పడే చోట ఆపేసేదాన్ని. మొన్న మా బడి పిల్లొకతె వాళ్ళమ్మ ఫోను పట్టుకొచ్చి, "మేడం, ఈమెను సూసినారా," అని నా ముందు పెట్టింది. ఆ మట్టి ముఖం నాదని దానికి తెలియలేదు. "గెలిసిందా మేడం ఈమె," అంది. "ఓడిపోయింది," అన్నాను. "మరి ముందు వరసలో ఆ నామమాయన ఎందుకు అట్ల ఎగరతా ఉండాడు," అంది.

అప్పుడు చూశాను. నేను గీత తాకిన క్షణంలో, ఊరంతా చేతులు జోడించి నిలబడి ఉంటే, మా నాయన ఒక్కడే రెండు చేతులూ పైకెత్తి చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాడు. ఆ ముఖం నేను మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు (ఇంటికెళ్ళి అడిగితే, "ఎగర్లేదే, కాలికి చీమ కుట్టింటాది," అన్నాడు). ఫోనులోని నేను, ఆ రెండు జడల పిల్ల మాత్రం లోకమంతా ఆ గీతలోనే ఉన్నట్టు నేలకేసి చూస్తూ, ఓడిపోతానేమోనని వణికిపోతోంది. ఒక్కసారి తలెత్తి ముందు వరస వైపు చూడవే పిచ్చిదానా అని చెప్పాలనిపించి, నాలో నేనే నవ్వుకున్నాను.