సీసాలు పగలనివ్వని మా డీలరమ్మ

మొన్న ఉదయం డిచ్‌పల్లిలో టీ తాగుతుంటే మా పాత వ్యాన్ డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, డీలరమ్మ పోయింది. పొద్దుగాల గుండెల నొప్పన్నదట. నిజామాబాద్ దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే..." అన్నాడు. నేను గ్లాసు అక్కడే పెట్టేసి బోధన్ బస్సెక్కాను.

బోధన్ చుట్టుపక్కల ఎండాకాలంలో చల్లటి సీసా కొని తాగినవాళ్ళకు ఆమె పేరు తెలియకపోవచ్చు. ఆ సీసా దుకాణం దాకా వచ్చింది మాత్రం ఆమె గోదాం నుంచే. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కున్న కుటుంబం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు పోవడం ఆగిపోయాక భర్త వరి వైపు మళ్ళాడు, ఆమె ఒక విదేశీ కూల్‌డ్రింక్ కంపెనీ ఏజెన్సీ తీసుకుంది. అప్పటి నుంచి అందరికీ డీలరమ్మే. నేను చాలా ఏళ్ళు ఆమె దగ్గర సేల్స్‌మన్‌గా పనిచేశాను.

దుకాణానికి వెళ్ళగానే ఆమె ముందు ఫ్రిజ్ దగ్గర ఒంగి, చిన్నపిల్లల ఎత్తు నుంచి చూసేది. వాళ్ళ కంటికి ఆనేచోట మా సీసా లేకపోతే తనే సర్దేది. కంపెనీ మీటింగుల్లో సరుకు, ధర, చోటు, ప్రచారం అంటూ పెద్ద తెర మీద బొమ్మలు వేసి చూపించేవారు. తిరుగు ప్రయాణంలో ఆమె మాకు తన మాటల్లో చెప్పేది. "ఏం అమ్ముతున్నాం, ఎంతకి అమ్ముతున్నాం, ఎక్కడ పెడుతున్నాం, ఏమని చెబుతున్నాం. మొదటి మూడిట్లో తప్పు జరిగితే దిద్దుకోవచ్చురా. చెప్పేదాంట్లో అబద్ధం దొర్లిందా, మళ్ళీ ఆ దుకాణం మెట్టెక్కలేం."

ఆ మాట మీద ఆమె ఎంతవరకు నిలబడుతుందో ఒక ఎండాకాలం నా కళ్ళతో చూశాను.

ఆ ఏడాది కంపెనీ తక్కువ ధరకు చిన్న సీసా దింపింది. పల్లెల్లో గోలీసోడా తాగేవాళ్ళను లాక్కోవడమే దాని లెక్క. బోధన్‌లో గోలీసోడా అంటే చాచాదే. పాత బస్తీలో ఆయన తండ్రి పెట్టిన సోడా కార్ఖానా అది. మా సీసా ఎంత చవకైనా పెళ్ళిళ్ళకు మాత్రం ఆయన సోడాలే పోయేవి.

అలాంటి ఒక పెళ్ళిలో పిల్లలు వాంతులతో పడిపోయారు. తెల్లారేసరికి ఫోన్లలో ఎవరో రికార్డు చేసి పంపిన ఒక గొంతు తిరగడం మొదలైంది. చాచా సోడా తాగడం వల్లే పిల్లలు దవాఖాన పాలయ్యారని, ఎవరూ తాగొద్దని. ఆ మాట ఎవరిదో ఎవరికీ తెలియదు. దుకాణాలవాళ్ళు సోడా సీసాలు అమ్మడం మానేసి బయట పెట్టేశారు. ఇంతలో మా ఏరియా మేనేజర్ దుకాణదారుల వాట్సాప్ గ్రూపులో, సరిగ్గా ఆ గొంతు కిందే, మా చిన్న సీసా ఆఫర్ పోస్టర్ పెట్టాడు. సోడా తీసేసిన దుకాణానికి కొత్త ఫ్రిజ్ ఉచితమన్నాడు.

డీలరమ్మ మమ్మల్నందరినీ గోదాంలో నిలబెట్టింది. ముఖం ఎర్రబడిపోయింది.

"ఆ గొంతు మనవాళ్ళలో ఎవరిదైనానా? ఇప్పుడే చెప్పండి."

మాది కాదన్నాం. నిజంగానే మాలో ఎవరిదీ కాదు. అయినా ఆమె ఒక్కొక్కరి కళ్ళలోకి చూసింది. అప్పుడే మేనేజర్ ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టింది.

"మేడం, ఇలాంటి ఛాన్స్ మళ్ళీ రాదు. ఈ రోజే బండ్లన్నీ ఊళ్ళోకి దింపండి."

"పిల్లలు ఆసుపత్రిలో ఉన్నారు బాబూ. దేనివల్లో తేలలేదు. ముందు ఆ పోస్టర్ తీసెయ్యి."

"మీరు దింపకపోతే నేను వేరే డీలర్‌ని చూసుకోవాల్సి వస్తుంది."

"చూసుకో" అని ఫోన్ పెట్టేసింది. బండ్ల తాళాలు తీసుకుని బొడ్లో దోపుకుంది. నన్ను వెంటబెట్టుకుని పాత బస్తీకి నడిచింది.

అప్పటికే కార్ఖానా ముందు జనం. కొందరి చేతుల్లో కట్టెలున్నాయి. మమ్మల్ని చూడగానే ఎవరో అరిచారు. "గీమెనే పుట్టిచ్చింది గీ మాట! సోడా బందైతే గీమెదే గద గిరాకీ!" నేను ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగబోయాను. విదిలించుకుని ముందుకే పోయింది.

చాచా గడప మీద నిలబడి ఉన్నాడు. "ఎందుకొచ్చినవ్ బహెన్? మునిగిపోతుంటె సూసి పోనీకా?"

డీలరమ్మ జనం వైపు తిరిగింది. "నా బండ్లు ఆపేశాను. ఇది తేలేదాకా బోధన్‌లో నా సీసా ఒక్కటీ దిగదు."

"గట్లైతె ఒక సోడా తాగి సూపియ్యి!" అన్నాడు ఒకతను.

"నేను తాగితే ఏం తెలుస్తుంది? నిన్నటి పిల్లలకు ఏమైందో తెలుస్తుందా? ఆహార తనిఖీ అధికారికి ఫోన్ చేశాను, నిజామాబాద్ నుంచి వస్తున్నాడు. అప్పటిదాకా ఎవరూ ఒక్క సీసా ముట్టుకోకండి."

జనంలోంచి ఒక తండ్రి కట్టె పట్టుకుని లోపలికి దూసుకొచ్చాడు. అతని కూతురు దవాఖానలో ఉంది. "నా బిడ్డకేమన్నయితె ఎవలు జిమ్మేదార్? అన్ని పలగ్గొడుత!"

డీలరమ్మ అతనికన్నా ముందే లోపలికెళ్ళి సోడా సీసాల వరసకు అడ్డంగా నిలబడింది. గొంతు మాత్రం తగ్గించింది. "పగలగొడితే నీ బిడ్డకి ఏమైందో ఎప్పటికీ తెలీదు తమ్ముడూ. విషం ఇందులో ఉంటే ఇవే సాక్ష్యం. లేకపోతే ఇంకెక్కడో ఉంది. దాన్ని ఇంకెవరి పిల్లలో తింటూ ఉంటారు."

కట్టె గాలిలోనే ఉంది. అతను ఆమెను, వెనక సీసాలను చూశాడు. తర్వాత గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు. ఆమె అతని పక్కనే నేల మీద కూర్చుంది. అధికారి వచ్చి సోడాలు, నీళ్ళు, పాకం అన్నీ సీలు వేసుకుని పోయేదాకా లేవలేదు.

పిల్లలందరూ కోలుకున్నారు. పరీక్షల్లో సోడాది తప్పు లేదని తేలింది. పాడైన కోవాతో చేసిన మిఠాయి వల్లే జరిగిందట. పుకారు వ్యాపించినంత వేగంగా ఈ కబురు వ్యాపించలేదు. చాచా గిరాకీ పూర్తిగా తిరిగి రావడానికి మరో ఎండాకాలం పట్టింది. మేనేజర్ కూడా అన్నంత పనీ చేశాడు. నందిపేట్ వైపు ఊళ్ళన్నీ ఆమె చేతిలోంచి తీసి వేరేవాళ్ళకిచ్చాడు. ఆ రోజు ఆమె గోదాంలో ఒక్కతే చాలాసేపు కూర్చుంది. మేం టీ తీసుకెళితే, "ఆ ఊళ్ళన్నీ నడిచి తెచ్చుకున్నాన్రా" అని మాత్రం అంది.

ఆమెను దేవతను చేయాలని నాకు లేదు. చేస్తే ఆమే ఊరుకోదు. కొన్నాళ్ళకు చాచా కార్ఖానాకు సరిగ్గా ఎదురు దుకాణంలో మా కంపెనీ ఫ్రిజ్ పెట్టించింది. చాచా బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం బహెన్, బతికిచ్చి మల్ల సంపుతవా?"

"వ్యాపారం అన్నా ఇది. నీ సోడా బాగుంటే జనం రోడ్డు దాటి వస్తార్లే" అని ఆమె పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. మరుసటి రోజే ఆయన గడప ముందు సోడాలు చల్లబరిచే ఐసు ముక్కల తొట్టి వెలిసింది.

నాకు అమ్మడం నేర్పింది ఆమే. ఎక్కడ అమ్మకుండా ఆగాలో కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు వేరే పని చేసుకుంటున్నా, ఎవరికైనా ఒక వస్తువు గురించి చెప్పేముందు నా నాలుక ఒక్క క్షణం ఆగుతుంది.

మొన్న సాయంత్రం ఆమెను పాడె మీద కాలువ గట్టు వెంట తీసుకెళ్ళాం. దారి ఇరుకు, రెండు పక్కలా వరి పొలాలు. ఎదురుగా మా పోటీ కంపెనీ వ్యాన్ వస్తోంది. మమ్మల్ని చూసి డ్రైవర్ బండిని పక్క పొలంలోకి దించి ఆపాడు, దిగి టోపీ తీసి నిలబడ్డాడు. ఇంజను ఆగాక కూడా లోపల గాజు సీసాలు కాసేపు గలగలలాడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు సద్దుమణిగేదాకా పాడె మోసేవాళ్ళు కూడా, ఎవరూ చెప్పకుండానే, అడుగు ఆపి నిలబడ్డారు.